రెండు వైర్ల కోసం మాచర్ల దాకా

ఇరవై రెండేళ్ళ కిందట ఒక నిజం నా నోట్లోనే ఆగిపోయింది. దాన్ని మొన్న మే నెలలో మాచర్ల దాకా మోసుకెళ్ళి దింపి వచ్చాను. దారి కబుర్లు చెప్పేముందు ఆ నిజమేమిటో చెప్పేస్తాను. లేకపోతే నేనేదో సరదాకి తిరిగొచ్చానని మీరు అనుకుంటారు. సరదా కూడా చాలానే దొరికిందనుకోండి.

అప్పట్లో నేను ఐటిఐ చదివి, నరసరావుపేట చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి బోరు మోటార్లు బిగించేవాణ్ణి. కాలిపోయిన మోటారుకి కొత్త కాయిల్ చుట్టేది సైదులన్న. పేటలో ఆయన చేతికి చాలా పేరు. బొల్లాపల్లి వైపు పేరయ్య అనే రైతు మోటారు కాలింది. మాకు చుట్టం కాదు గానీ పెదనాన్నా అని పిలిచేవాణ్ణి. సైదులన్న కాయిల్ చుట్టాడు, నేను మోటారు బోరులోకి దింపి కనెక్షన్ ఇచ్చాను. నీళ్ళు సగం కూడా రాలేదు.

బోరు మోటారుకి మూడు వైర్లు ఉంటాయి. వాటిలో ఏ రెండు అటూ ఇటూ అయినా మోటారు ఎదురు తిరుగుతుంది. ఎదురు తిరిగినా పంపు నీళ్ళు తోడుతుంది, కానీ నీరసంగా. అందుకే నీళ్ళు తక్కువొస్తే ముందు రెండు వైర్లు మార్చి చూడాలి. మా పనిలో మొదటిరోజు నేర్చుకునే సంగతి ఇది. నేను చూడలేదు. ఎర్రకి ఎర్ర, పసుపుకి పసుపు, నీలానికి నీలం కలిపానన్న ధీమా. ఆ వారమే ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మర్ మారింది, లైన్ల వరస మారి ఉండొచ్చు అన్నది నాకు తట్టనే లేదు.

“కాయిల్ సరిగా చుట్టలేదు పెదనాన్నా” అన్నాను.

మోటారు పైకి లాగి పేటకి తెచ్చాం. సైదులన్న విప్పి చూశాడు. “నాకైతే ఏం కనపడలా. నువ్వు చెప్తున్నావంటే ఉంటది” అని మొత్తం తీసేసి, డబ్బు తీసుకోకుండా మళ్ళీ చుట్టాడు. ఆ పదిరోజుల్లో పేరయ్య పెదనాన్న మిరపతోటలో పూత రాలిపోయింది. రెండోసారి దింపి కనెక్షన్ ఇస్తుంటే నా చేతిలో రెండు వైర్లు అనుకోకుండా అటూ ఇటూ అయ్యాయి. నీళ్ళు గొట్టం పగిలేలా వచ్చాయి. స్టార్టర్ పెట్టె ముందు నిలబడి నేను పాతవి ఎలా కలిపానో, కొత్తవి ఎలా కలిపానో చూసుకున్నాను. అంతా అర్థమైంది. నోరు మాత్రం విప్పలేదు.

పెదనాన్న ఆ శనివారం సంతలో సైదులన్నని పట్టుకుని “నువ్వు చుట్టింది కాయిలా, దూడని కట్టే పలుపా?” అని అరిచాడు. సైదులన్న తల వంచుకుని విన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఏడాది తిరక్కుండా ఆయన పేటలో కొట్టు మూసేసి వెళ్ళిపోయాడు.

నేను ఇప్పుడు నరసరావుపేటలో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు నడుపుతున్నాను. ఈమధ్య మాచర్ల మనిషి ఒకాయన వైరు కొంటూ, మా ఊళ్ళో సైదులు మేస్త్రీ అని ఒకాయన ఉన్నాడు, ఫ్యాన్లూ మిక్సీలే చుడతాడు, బోరు మోటారు మాత్రం కాళ్ళు పట్టుకున్నా ముట్టడు, “నా చెయ్యి మంచిది కాదు, రైతుని ముంచుద్ది” అంటాడని చెప్పాడు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

నరసరావుపేట

“సాగర్ చూసొస్తా” అని మా ఆవిడ రమాదేవికి చెప్పాను.

“యాభై ఏళ్ళు చూడంది మే నెల్లో గుర్తొచ్చిందా? నెత్తికి తువ్వాలు చుట్టుకో” అంది. అంతకన్నా అడగలేదు.

బయల్దేరింది నా కరెంటు స్కూటర్ మీద. కొని మూడు నెలలైంది. శబ్దం లేకుండా పోతుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. వెనకనుంచి వెళ్తే గేదెలు కూడా తప్పుకోవు. పెట్రోలు బండికి దారంతా బంకులున్నాయి. దీనికి మాత్రం దారంతా మనుషులే దిక్కు. ఎవరి గడపలోనో ఆగి, “అమ్మా, కాస్త ప్లగ్ పెట్టుకోనా?” అని అడగాలి. యాభై రెండేళ్ళ వయసులో అడుక్కోవడం ఇంత సంతోషంగా ఉంటుందని నేను అనుకోలేదు.

పిడుగురాళ్ళ

సున్నం బట్టీల ఊరు. రోడ్డు పక్క చెట్లు కూడా పౌడరు రాసుకున్నట్టు తెల్లగా ఉన్నాయి. తెల్లటి ఊళ్ళో ఎర్రటి గుమ్మం ఒకటి కనిపించింది. కారం మిల్లు. మిల్లున్నచోట కరెంటుకి లోటుండదని ఆగాను. మిల్లు నడిపే ఆవిడ పేరు నాగమణి. ముక్కుకి కొంగు కట్టుకుని, కళ్ళు మాత్రం బయటపెట్టి ఉంది.

“చార్జింగ్ పెట్టుకుంటానక్కా.”

“ఆ గోడకి పెట్టుకో, ఫోనే గదా” అని వెనక్కి తిరిగి చూసి, “ఓర్నీ, బండిని తెచ్చావే! ఇది ఎంత తింటదయ్యా?” అంది.

నేను సమాధానం చెప్పబోయి తుమ్మాను. పదకొండుసార్లు వరసగా తుమ్మాను. అక్కడ కూర్చుని ఉన్న ముగ్గురు ఆడవాళ్ళు లెక్కపెట్టారు కాబట్టి అంకె సరైనదే.

మిల్లు గొట్టంలోంచి పడుతున్న కారాన్ని ఆవిడ గుప్పెడు తీసి నా అరచేతిలో పోసింది. వేడిగా ఉంది. అప్పుడే పెనం మీదనుంచి దించినట్టుంది.

“చూశావా? ఇదీ నా కరెంటు బిల్లు. తిరగమని ఇస్తే తిరిగేది కొంత, ఇట్టా కాలిపోయేది కొంత. ఆరబెట్టకుండా మూటగడితే రంగు పోద్ది.”

ఐటిఐ బల్లల మీద కూర్చుని నేను చదువుకున్న పాఠం అరచేతిలో ఇంత ఘాటుగా ఎప్పుడూ తెలియలేదు. కరెంటు తిప్పుడవుతుంది, తిప్పుడు రాపిడవుతుంది, రాపిడి వేడవుతుంది, ఆ వేడి పిడుగురాళ్ళ కారంలో కూర్చుంటుంది. ఆ చేత్తోనే కన్ను తుడుచుకున్నాను. ఆ తర్వాతి పావుగంట గురించి రాయను.

కిలో పట్టడానికి ఇక్కడ పాతిక రూపాయలు, మా పేటలో ముప్ఫై. గంటన్నర చార్జింగ్‌కి ఎంతివ్వాలని అడిగితే ఆవిడకి కోపమొచ్చింది.

“కరెంటు అమ్ముకోవటమేందయ్యా? దాహమని వస్తే మంచినీళ్ళకి లెక్కగడతామా?”

మా కొట్లో ‘ఫోన్ చార్జింగ్ పది రూపాయలు’ అని బోర్డు ఉంది. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు. తిరిగొచ్చిన రోజే దాన్ని పీకేశాను.

గురజాల

ఐటిఐలో నాతో చదివిన బ్రహ్మయ్య ఇల్లు ఇక్కడ. సాయంత్రం దిగాను. జొన్నరొట్టె, గోంగూర పచ్చడి, ఉల్లిపాయ. మా ఇంట్లో గోంగూరలో చక్కెర చిటికెడు వేస్తారని చెప్పి పరువు పోగొట్టుకున్నాను. బ్రహ్మయ్య భార్య నా వైపు జాలిగా చూసి ఇంకో రెండు ఎండుమిరపకాయలు నలిపి వేసింది.

భోజనాల మధ్యలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకుంది, ఫ్యాను తిరుగుతూనే ఉంది. పదిహేను నిమిషాలకి ఇన్వర్టర్ కీచుమని ఏడ్చి చచ్చింది. ఇల్లంతా చీకటి, ఉక్క.

“ఎప్పుడూ నాలుగు గంటలు వచ్చేదే!” అన్నాడు బ్రహ్మయ్య. టార్చి వేసుకుని వరండాలోకి వెళ్ళి, నా బండి ప్లగ్ ఎక్కడుందో చూసి, అక్కణ్ణించే కేకేశాడు: “ఒరేయ్ ఆంజనేయులూ! నీ బండి మా ఫ్యాన్ని తినేసిందిరా!”

నిజమే. ప్లగ్ పెట్టింది ఇన్వర్టర్ లైనుకి. వాళ్ళ బ్యాటరీలో దాచుకున్న కరెంటంతా నా బండి తన బ్యాటరీలోకి తాగేసింది. అది కూడా పూర్తిగా చేరలేదు. అటునుంచి ఇటు మారేటప్పుడు కొంత వేడిగా పోయింది. చిల్లుల గరిటెతో పాయసం వడ్డించినట్టు. ఇద్దరు ఐటిఐ ఎలక్ట్రీషియన్లు ఒక ఇంట్లో ఉండి చేసిన ఘనకార్యం ఇది. వాకిట్లో మంచాలు వేసుకుని అట్టముక్కలతో విసురుకుంటూ నవ్వీ నవ్వీ అలిసిపోయాం. బ్రహ్మయ్య భార్య మాత్రం, “ఈసారి వచ్చేటప్పుడు బస్సులో రా అన్నయ్యా” అంది.

రెంటచింతల

ఈ ఊరి ఎండ గురించి వినని తెలుగువాడు ఉండడు. వేసవిలో టీవీ పెడితే అన్నిటికన్నా ముందు దీని పేరే వినిపిస్తుంది. మర్నాడు పదకొండింటికి ఊళ్ళోకి చేరాను. హ్యాండిల్ మధ్య అంకెలు చూపించే అద్దం మీద ఎర్రబొమ్మ వెలిగింది, వేగం తగ్గింది, నడుస్తున్న మనిషి నన్ను దాటిపోయాడు, ఆ తర్వాత బండి ఆగిపోయింది. బ్యాటరీలో అరవై శాతం ఉంది, మోటారు బాగుంది. మరీ వేడెక్కితే తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోతుందట. పుస్తకంలో రాసి ఉంది. రెంటచింతలని దృష్టిలో పెట్టుకునే రాసి ఉంటారు.

టీకొట్టాయన వచ్చి సీటు మీద చెయ్యి వేసి వెంటనే తీశాడు.

“వడదెబ్బ కొట్టింది దీనికి” అన్నాడు గంభీరంగా.

ఆ మాట చుట్టుపక్కలకి పాకింది. ఇద్దరు బండిని నీడలోకి తోశారు. ఎవరో గోనెసంచి తడిపి తెచ్చి కప్పారు. ఒకావిడ మజ్జిగ తెచ్చింది, నాకే. ఒక ముసలాయన బండి చుట్టూ తిరిగి చూసి, “ఉల్లిపాయ కట్టండ్రా దీనికి” అంటే అందరూ ఘొల్లుమన్నారు. నేను కూడా.

“ఇంత ఎండ పడతంది గదా, ఆ ఎండతో నడవదా ఇది?” అని టీకొట్టాయన అడిగాడు.

సోలార్ పలకలు పెట్టుకుంటే ఎండ కూడా కరెంటవుతుందని చెప్పాను.

“అయితే మా ఊరే రాష్ట్రానికంతా సరిపోద్ది” అన్నాడు. ఆయన ముఖంలో గర్వం చూడాలి!

గంటసేపటికి బండి కళ్ళు తెరిచింది. ఊరు ఊరంతా సాగనంపింది. మాచర్లలో ఏం పనని వాళ్ళు అడిగితే, “ఒకాయన్ని చూడాలి” అన్నాను. అంతవరకు గాల్లో తేలిపోతున్నవాణ్ణి, ఆ మాటతో ఒక్కసారి నేలకి దిగాను.

మాచర్ల

వెల్డింగ్ షాపు పక్కన రేకుల షెడ్డు, బయట పాత ఫ్యాన్ రెక్కలు వేలాడుతుంటాయని మా కొట్లో వైరు కొన్న మాచర్ల ఆయన చెప్పాడు. అలాగే ఉన్నాయి. లోపల తెల్లటి జుట్టు మనిషి వంగి ఏదో చుడుతున్నాడు.

ముందునుంచి వెళ్ళిపోయాను. వీధి చివర తిప్పుకుని మళ్ళీ వచ్చాను. మళ్ళీ వెళ్ళిపోయాను. బండికి శబ్దం ఉండదు కాబట్టి ఆయన తల ఎత్తలేదు. మూడోసారి వెల్డింగ్ షాపాయన కళ్ళద్దాలు పైకెత్తి, “ఎవరిల్లు గావాలి?” అని అడిగాడు.

“సాగర్‌కి దారి ఎటు?” అన్నాను.

ఇంటి దగ్గర చెప్పిన అబద్ధాన్ని నిజం చేసేశాను.

సాగర్

సాగర్ వెళ్ళే దారిలో దిగుడు వస్తుంది. బ్రేకు పట్టినప్పుడల్లా ఈ బండి మోటారు పని మార్చుకుంటుంది. అప్పటిదాకా కరెంటు తీసుకుని చక్రాన్ని తిప్పిన మోటారే, ఇప్పుడు చక్రం తిప్పుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీకి పంపుతుంది. కొండ దిగేసరికి ఒక్క శాతం పెరిగింది! ఒకే ఒక్కటి. అయినా నేను బండి ఆపి, దారిన పోయే లారీ డ్రైవరుకి అద్దం చూపించాను. ఆయన, “నాకు కూడా దిగేటప్పుడు డీజిల్ పెరిగితే బాగుండు” అని వెళ్ళిపోయాడు.

ఆనకట్ట ముందు నిలబడి చాలాసేపు చూశాను. ఆ గోడ వెనక నీళ్ళు ఊరికే నిలబడి ఉన్నాయి. నిలబడి ఉండటమే వాటి బలం. కిందికి దూకితే చక్రం తిరుగుతుంది, చక్రం తిరిగితే కరెంటు పుడుతుంది. అది తీగల్లో వెళ్ళి ఎక్కడో మిల్లులో కారం పడుతుంది, ఎక్కడో పంపులో మళ్ళీ నీళ్ళే తోడుతుంది. ఇక్కడి యంత్రాల్లో కొన్ని ఎదురు తిరిగి, కింద పడ్డ నీళ్ళని మళ్ళీ పైకి ఎత్తగలవట. వాటికి ఎదురు తిరగడం కూడా పనే. పేరయ్య పెదనాన్న బోరు గుర్తొచ్చి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

చేపలు వేయించే బండి దగ్గర కూర్చున్నాను. పెద్ద ముక్క ఎనభై రూపాయలు. ముళ్ళు తీసుకోవడం నాకు రాదని చూసి బండి ఆవిడే తీసిపెట్టింది.

“ఏందన్నా, చేప తింటా ఏడుస్తన్నావు? కారం ఎక్కువైందా?”

ఊరుకోలేక మొత్తం చెప్పేశాను. మోటారు, వైర్లు, సంత, మూడుసార్లు తిరిగిన వీధి. ఆవిడ పెనం మీద చేప తిరగేస్తూ విన్నది.

“అంతా నాకు చెప్పావు. బాగుంది. నా మోటారేమన్నా చెడిందా? ఆయన ఆడ కూకోనుంటే నాకు చెప్పటమేంది! తిని లెగువు.”

రాత్రికి అక్కడే ఉందామనుకున్నవాణ్ణి, తిని లేచాను. బండి వెనక్కి తిప్పాను.

మళ్ళీ మాచర్ల

ఎండ చల్లబడే వేళకి షెడ్డు ముందు బండి ఆపి, హెల్మెట్ తీశాను. సైదులన్న ఫ్యాను కాయిల్ చుడుతున్నాడు. పది చుట్లకి ఒకటి చొప్పున గిన్నెలో చింతగింజ వేస్తున్నాడు. ఎదురుగా ఆయన భార్య మస్తానమ్మ కూర్చుని, తన గిన్నెలో తనూ వేస్తోంది. చుట్టడం అయ్యాక ఇద్దరి గింజలూ లెక్క చూసుకున్నారు. పేటలో ఉన్నప్పుడు ఆయన రేడియో వింటూ, నాతో కబుర్లు చెబుతూ చుట్టేవాడు. ఒక్క గింజ వాడగా నేను చూడలేదు.

ఆయన తల ఎత్తి చాలాసేపు చూశాడు.

“ఆంజనేయులివి గదంట్రా? లావయ్యావురోయ్!” అని లేచి నన్ను వాటేసుకున్నాడు. “ఏమే, మజ్జిగ తే. మన పేట ఆంజనేయులు. ఆ రోజు నా తప్పు కనిపెట్టింది ఈయనే. లేకపోతే ఎంతమంది రైతుల్ని ముంచేవాణ్ణో!”

ఆయన తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి.

“నీ తప్పు కాదన్నా” అన్నాను. “ఆ మోటారు బాగానే ఉంది. ఎదురు తిరిగింది, అంతే. రెండు వైర్లు మారినయి.”

“మారినయ్ అంటావేంది? వాటంతట అవే మారినయ్యా?”

“నేనే తప్పు కలిపాను. రెండోసారి దింపినప్పుడు తెలిసింది. చెప్పలేదు.”

సైదులన్న స్టూలు మీద కూర్చున్నాడు. “మళ్ళీ చెప్పు” అన్నాడు. మళ్ళీ చెప్పాను. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి స్టార్టర్ దాకా, ఏ వైరు ఎక్కడ కలిపానో అన్నీ చెప్పాను. ఆయన గాల్లో వేలితో మూడు గీతలు గీసి, రెండింటిని అటూ ఇటూ చేసి చూసుకున్నాడు.

“నా చుట్లు తగ్గలేదన్నమాట.”

“ఒక్కటి కూడా తగ్గలేదన్నా.”

మస్తానమ్మ చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే ఉంది. “ఇరవై రెండేళ్ళు” అంది. “ఇరవై రెండేళ్ళుగా ఈయన పక్కన కూకోని గింజలు లెక్కబెడతన్నాను. జొరమొచ్చినా కూకున్నాను. ఈయనకి ఈయన చెయ్యి మీద నమ్మకం లేక. రెండు వైర్లకా?” అని గ్లాసు నాకివ్వకుండా గట్టు మీద పెట్టేసింది. ఆ గ్లాసు తీసుకునే ధైర్యం నాకు లేదు.

సైదులన్న అడిగాడు: “పేరయ్య ఉన్నాడా?”

“ఉన్నాడు. మా కొట్టుకి వస్తుంటాడు.”

“ఆయనకి చెప్పావా?”

“లేదు.”

“నన్ను తిట్టింది సంతలో, అందరిముందు. నువ్వు నా చెవిలో చెప్పి పోతే ఎట్టారా? చెయ్యి ఫోను.”

పేరయ్య పెదనాన్నకి ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు. మామూలుగా అయితే ఇది కష్టమేమీ కాదు. ఆ రోజు మాత్రం నేను నా జీవితంలో దాచుకున్న ఒకే ఒక్క రహస్యాన్ని మాచర్ల వీధిలో నిలబడి, శక్తికొద్దీ అరవాల్సి వచ్చింది.

“పెదనాన్నా! సైదులన్న కాయిల్ బాగుంది!”

“ఆ? గట్టిగా చెప్పు!”

“కాయిల్ బాగుంది! వైర్లు తప్పు కలిపింది నేను!”

వెల్డింగ్ ఆగింది. ఎదురు కొట్లోవాళ్ళు బయటికొచ్చారు. మూడుసార్లు నా బండిని చూసిన వెల్డింగ్ ఆయన కళ్ళద్దాలు నెత్తి మీదకి నెట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఎప్పుడు?” అన్నాడు పెదనాన్న.

“మీ మిరపతోట పూత రాలినప్పుడు! తప్పు నాది! ఆయన మీద చెప్పాను!”

ఫోనులోంచి పెద్ద గొంతు వచ్చింది. చెవిటివాళ్ళ గొంతు కాబట్టి వీధంతా విన్నది.

“సంతలో ఆయన్ని నానామాటలు అన్నానే! ఒరేయ్, నువ్వు పక్కనే ఉన్నావు గదరా! దొంగ సచ్చినోడా! ఆయనేడీ? ఫోను ఆయనకియ్యి!”

సైదులన్న ఫోను అందుకున్నాడు. అటునుంచి పెదనాన్న ఏమంటున్నాడో అందరికీ వినపడుతూనే ఉంది. ఈయన మాత్రం “ఊఁ”, “ఊఁ” అంటూ రాగితీగ కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ నిలబడ్డాడు. చివర్లో ఒక్క మాట అన్నాడు.

“మోటారు ఈసారి కాలితే ఈడికి పంపు పేరయ్యన్నా. చుడతా.”

మస్తానమ్మ గబుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఫోను నా చేతికొచ్చింది. ఎవరూ కదల్లేదు. అరవాల్సిందంతా అరిచేశాను గానీ, ఈ మనిషి ముఖం చూసి చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉందని అందరికీ తెలుసు. ముందు ఆయనకి, ఆ తర్వాత గుమ్మంలో ఉన్న ఆవిడకి చేతులు జోడించాను.

“సైదులన్నా, నీ చెయ్యి మంచిది. ఎప్పుడూ మంచిదే. నా పేరు పోతుందని భయపడి నీ పేరు పోనిచ్చాను. సంతలో నిన్ను తిడుతుంటే పక్కన నిలబడి చూశాను. వదినా, మీ ఇద్దరికీ ఇన్నేళ్ళు అన్యాయం చేశాను. తప్పు చేసింది నేనే. నన్ను క్షమించండి.”